మాజీ నేతలకు ఖజానా సొమ్ము: ఏది చట్టం, ఏది ఆనవాయితీ

2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటు సభ్యుల జీతభత్యాలను సవరిస్తూ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, మాజీ ఎంపీల నెలసరి పింఛను 25,000 రూపాయల నుంచి 31,000కు పెరిగింది. పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుందని అందులో పేర్కొన్నారు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఈ వార్త అందరికన్నా ఎక్కువగా నొప్పించింది ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు స్టీరింగు పట్టి, టికెట్లు కొట్టి రిటైరైన వారినే. ఆ తరం ఉద్యోగులకు దక్కే పింఛను, ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ నడిపే ఈపీఎస్-95 పథకం కింద వచ్చేదే. ఆ పథకంలో కనీస పింఛను 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా ఖరారై, ఆ నోటిఫికేషన్ వచ్చేనాటికి కూడా అక్కడే నిలిచిపోయి ఉంది. అదే ఊళ్లో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయ ఉద్యోగి గడప దగ్గరికి తెచ్చి ఇచ్చే వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూసిన మనిషికి కోపం రావడం సహజం, ఆ కోపాన్ని తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే ఆ కోపంలో మనం నాలుగు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. పదవి దిగిన నాయకుడికి వచ్చే పింఛను ఒకటి, ఉండడానికిచ్చే ఇల్లు ఒకటి, ఆఫీసూ సిబ్బందీ ఒకటి, వెంట తిరిగే గన్‌మెన్‌లతో కూడిన భద్రత మరొకటి. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో చోట పుట్టింది. కొన్ని పార్లమెంటు చేసిన చట్టాలు, కొన్ని శాసనసభలు చేసినవి, కొన్ని కేవలం ప్రభుత్వ ఉత్తర్వులు, ఇంకొన్ని ఎవరూ ప్రశ్నించనందువల్ల కొనసాగుతున్న ఆనవాయితీలు. ఏది ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా అన్నింటినీ రద్దు చేయమన్నా, అన్నింటినీ సమర్థించినా చర్చ ముందుకు సాగదు.

ముందు పై మెట్టు నుంచి మొదలుపెడదాం. రాష్ట్రపతి పదవీ విరమణ తరువాత పొందే పింఛనుకు ఆధారం 1951 నాటి చట్టం. రాష్ట్రపతి జీతంలో సగం పింఛనుగా వస్తుంది. ప్రస్తుతం జీతం నెలకు 5 లక్షలు కాబట్టి పింఛను రెండున్నర లక్షలు. దానికి తోడు సామగ్రితో సహా ఉచిత నివాసం, వ్యక్తిగత కార్యదర్శితో కూడిన సిబ్బంది, వైద్యం, ప్రయాణ సౌకర్యం ఉంటాయి. ఉపరాష్ట్రపతికి 1997లో ప్రత్యేకంగా చట్టం చేశారు, ఆయన పింఛను 2 లక్షలు. ప్రధానమంత్రి విషయం వేరు. ప్రధానిగా పనిచేసినందుకు రాష్ట్రపతికి ఉన్నట్టు విడిగా పింఛను చట్టం లేదు. మాజీ ప్రధానికి పింఛను వచ్చేది మాజీ ఎంపీగానే, ఇల్లూ సిబ్బందీ మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుల ద్వారా సమకూరతాయి. కేంద్ర మంత్రులదీ అదే దారి. మంత్రిగా ఎన్నేళ్లు చేసినా, దిగిన తరువాత లెక్కకు వచ్చేది సభ్యుడిగా గడిపిన కాలమే.

ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు పింఛను నిర్ణయించే అధికారం ఆయా రాష్ట్ర శాసనసభలదే. మన రాష్ట్రంలో దీనికి మూలం 1953 నాటి జీతాలు, పింఛను చెల్లింపు, అనర్హతల తొలగింపు చట్టం. ఎప్పటికప్పుడు దానికి సవరణలు తెచ్చి అంకెలు మారుస్తూ వస్తున్నారు. గుజరాత్‌లో మాజీ ఎమ్మెల్యేలకు పింఛనే లేదు. పింఛను లేకపోతే ప్రజాస్వామ్యం నడవదనే వాదనకు ఆ ఒక్క ఉదాహరణే తగిన జవాబు చెబుతుంది.

ఎంపీల పింఛను మన రాజ్యాంగంతో పాటు వచ్చినదేమీ కాదు. 106వ అధికరణం సభ్యుల జీతభత్యాల గురించి మాత్రమే మాట్లాడుతుంది. 1954లో జీతాల చట్టం వచ్చినప్పుడు కూడా అందులో పింఛను మాట లేదు. అది చేరింది 1976లో, దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉండి, ప్రతిపక్ష నాయకులు అనేకమంది జైళ్లలో ఉన్న కాలంలో. అంటే తొలి పావు శతాబ్దం పాటు లోక్‌సభ నుంచి దిగినవారు ఖజానా నుంచి నెలనెలా సొమ్ము వస్తుందన్న భరోసా లేకుండానే ఇళ్లకు వెళ్లారు. మన తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అలాంటి తరానికి చెందినవారు. తొలి లోక్‌సభలో తిరుపతికి, ఆ తరువాత చిత్తూరుకు ప్రాతినిధ్యం వహించి, లోక్‌సభ తొలి డిప్యూటీ స్పీకరుగా, 1956 నుంచి 1962 వరకు స్పీకరుగా పనిచేసి, ఆపైన బీహారు గవర్నరుగా ఉండి, చివరికి తిరుపతికే తిరిగి వచ్చి ఇక్కడి సంస్కృత విద్యాపీఠం బాధ్యతలు చూసుకుని, 1978లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన లోక్‌సభ వదిలిన 1962లో మాజీ ఎంపీ పింఛను అనేదే లేదు. ఆ తరం త్యాగాన్ని చూపి ఈ తరాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. అయ్యంగార్ న్యాయవాది, చేతిలో వృత్తి ఉన్న మనిషి, అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. పింఛను అనేది మొదటి నుంచీ ఉన్న హక్కు కాదు, మధ్యలో సభ్యులే తమకు తాము చట్టం చేసుకుని తెచ్చుకున్న ఏర్పాటు అని గుర్తుంచుకోవడం మాత్రం అవసరం.

ఇప్పుడు లెక్క ఎలా వేస్తారో దగ్గరగా చూద్దాం. ఐదేళ్ల వరకు సభ్యుడిగా ఉన్నవారికి నెలకు 31,000. ఐదేళ్లు దాటాక గడిచిన ప్రతి ఏడాదికీ 2,500 చొప్పున కలుస్తుంది. పదేళ్లు చేసినవారికి 43,500, పదిహేనేళ్లు చేసినవారికి 56,000, ఇరవై ఏళ్లు చేసినవారికి 68,500 వస్తాయి. సభ్యుడు మరణిస్తే జీవిత భాగస్వామికి అందులో సగం కుటుంబ పింఛనుగా అందుతుంది. దీనికి రైలు ప్రయాణం అదనం. తిరుపతి నుంచి ఢిల్లీకి సంపర్క్ క్రాంతి ఎక్కే మాజీ ఎంపీ తోడుగా ఒకరిని తీసుకుని సెకండ్ ఏసీలోనో, ఒంటరిగా అయితే ఫస్ట్ ఏసీలోనో రూపాయి చెల్లించకుండా వెళ్లవచ్చు. ఈ సౌకర్యానికి వయసుతోనూ ఆదాయంతోనూ సంబంధం లేదు.

ఈ పట్టికలో నాకు అసలు అభ్యంతరం అనిపించేది పై అంకెలు కావు, కింది అంకె. ఇరవై ఏళ్లు సభలో కూర్చున్న మనిషికి అరవై ఎనిమిది వేలు ఎక్కువా తక్కువా అని వాదించుకోవచ్చు. కానీ ఒక్కరోజు సభ్యుడిగా ఉన్నా పూర్తి కనీస పింఛను వస్తుందన్నది ఎలా సమర్థనీయం? మొదట్లో పింఛనుకు కనీస పదవీకాలం షరతు ఉండేది. తరువాతి సవరణల్లో దాన్ని తీసేసి, 'ఎంత కాలమైనా సరే' సభ్యుడిగా ఉంటే చాలునన్నారు. 2021లో తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. అందులో గెలిచినవారు 2024లో మళ్లీ గెలిచారు గనుక ఇక్కడ ఆ సమస్య రాలేదు గానీ, అలా మధ్యలో ప్రవేశించి మూడేళ్లకే దిగిపోయినవారికీ, ఐదేళ్లూ నిండా పనిచేసినవారికీ పింఛనులో పైసా తేడా ఉండదు. ఇదే దేశంలో పాత పింఛను విధానంలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి పింఛనుకు అర్హత పొందాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తెచ్చిన ఏకీకృత పింఛను పథకంలో మూల వేతనంలో సగం రావాలంటే పాతికేళ్లు పనిచేయాలి, పదేళ్లు చేసినవారికి కనీసంగా 10,000 ఇస్తారు. అదీ ఉద్యోగి తన జీతంలోంచి ప్రతినెలా వాటా కట్టిన తరువాత. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు తరువాత చేరిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు సీపీఎస్ అనే వాటాల పింఛను పథకం కోతతో ఇరవై ఏళ్లకు పైగా పోరాడుతూనే ఉన్నారు. ఎంపీ తన పింఛను కోసం జీతంలోంచి ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. ఉద్యోగుల పింఛను ఖజానాకు భారమని వాటాల పద్ధతికి మార్చిన సభలే, తమ పింఛనును మాత్రం పాత పద్ధతిలో ఉంచుకున్నాయి.

రెండో చిక్కు పింఛన్ల మీద పింఛన్లు. మాజీ ఎంపీ మళ్లీ ఎమ్మెల్యేగానో, మంత్రిగానో, గవర్నరుగానో ఉన్నంతకాలం ఎంపీ పింఛను ఆగిపోతుంది, అది న్యాయమే. కానీ అన్ని పదవులూ అయిపోయాక, వేరే పింఛనుకు అర్హత ఉన్నా సరే ఎంపీ పింఛను దానికి అదనంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి ఒకప్పుడు ఎమ్మెల్యేగా, తరువాత ఎంపీగా చేసినవారు రెండూ పొందవచ్చు. 2025 జూలైలో ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసిన జగదీప్ ధన్‌ఖడ్, 1990ల్లో రాజస్థాన్ శాసనసభ్యుడిగా ఉన్నందుకు రావలసిన పింఛనును పునరుద్ధరించమని దరఖాస్తు చేసుకోవడం అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆయన చేసినది పూర్తిగా చట్టబద్ధం, ఆ అవకాశం ఇచ్చింది చట్టమే కాబట్టి మాట్లాడవలసింది చట్టం గురించే.

ఈ ముడిని విప్పడం సాధ్యమేనని పంజాబ్ చూపించింది. అక్కడ ఒక పదవీకాలానికి సుమారు 75,000 రూపాయల పింఛను, గెలిచిన ప్రతి అదనపు పర్యాయానికీ దాని మీద మరో 66 శాతం చొప్పున పెరిగే విచిత్రమైన లెక్క ఉండేది. ఐదారు సార్లు గెలిచినవారి పింఛను లక్షల్లోకి వెళ్లేది. 2022లో చట్టాన్ని సవరించి, ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను, నెలకు 60,000, దాని మీద డీఏ అని తేల్చారు. హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024లో ఇంకో దారి పట్టి, ఫిరాయింపుల చట్టం కింద అనర్హత వేటు పడినవారికి పింఛను నిలిపివేసే బిల్లును ఆమోదించింది. ఈ రెండో దాని మీద నాకు కొంత జంకు ఉంది. పింఛనును శిక్షగా వాడడం మొదలైతే, ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ తన ప్రత్యర్థుల మీద దాన్ని ప్రయోగించే ప్రమాదం ఉంటుంది. కేరళలో మంత్రుల వ్యక్తిగత సిబ్బందికి రెండేళ్లకు పైగా పనిచేస్తే జీవితాంతం పింఛను ఇవ్వడం మీద 2022లో అప్పటి గవర్నరు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. మాజీల పింఛను అంటే మాజీ నాయకులతోనే ఆగదని గుర్తు చేయడానికి ఆ సంగతి ప్రస్తావించాను.

ఇంతా చెప్పి, పింఛనే వద్దంటున్నానా అంటే కాదు. దాని వెనుక ఒక బలమైన కారణం ఉంది, అది మరుగున పడకూడదు. నలభై ఏళ్ల వయసులో వృత్తినో వ్యవసాయాన్నో వదిలి సభకు వెళ్లిన మనిషి, ఐదేళ్లకో పదేళ్లకో ఓడిపోయి తిరిగి వస్తే పాత ఉద్యోగం ఉండదు, పాత ఖాతాదారులు ఉండరు. ఆ భయం ఉంటే పదవిలో ఉండగానే వెనకేసుకోవాలన్న ఆశ పుడుతుంది. లేదా రాజకీయం ఆస్తిపరుల సొత్తుగా మారుతుంది. సత్తెనపల్లి నుంచి పలుమార్లు గెలిచి చివరిదాకా నిరాడంబరంగా బతికిన వావిలాల గోపాలకృష్ణయ్య లాంటివారు, ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాల నుంచి వచ్చి ఓటమి తరువాత మళ్లీ కూలికో చిన్న వ్యాపారానికో వెళ్లవలసిన సభ్యులు ఈ వ్యవస్థలో ఉన్నారు. వారికి ఈ పింఛను నిజంగానే అన్నం పెడుతుంది. ఎన్నికల అఫిడవిట్లు తెరిచి చూస్తే మన రాష్ట్రంలో గెలిచినవారిలో ఎక్కువమంది కోటీశ్వరులేనన్నదీ నిజమే. ఆదాయ పరీక్ష పెట్టమనే సూచన అందుకే తరచు వినిపిస్తుంది. అయినా ఆస్తులను బంధువుల పేర్ల మీద పెట్టే దేశంలో ఆ పరీక్ష నిజాయితీపరుణ్ణి మాత్రమే దెబ్బతీస్తుందని నా అభిప్రాయం. కనీస పదవీకాలం, ఒక మనిషికి ఒకే పింఛను, సభ్యుడి వాటా అనే షరతులు అంతకన్నా తేలికగా అమలయ్యేవి, మోసానికి తక్కువ చోటిచ్చేవి.

ఇంటి విషయంలో న్యాయస్థానాలు ఇప్పటికే చాలా స్పష్టత ఇచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో మాజీ ముఖ్యమంత్రులకు జీవితాంతం ప్రభుత్వ బంగ్లా ఇచ్చే నియమాలను లోక్ ప్రహరీ అనే సంస్థ సవాలు చేయగా, సుప్రీంకోర్టు 2016లో వాటిని కొట్టేసింది. ఆ తీర్పును దాటడానికి ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. 2018 మేలో ఆ సవరణ కూడా చెల్లదని కోర్టు తేల్చింది. పదవి దిగిన ముఖ్యమంత్రి సామాన్య పౌరుడితో సమానమని, ఒక వర్గాన్ని విడదీసి ప్రజల ఆస్తిని పంచడం సమానత్వ హక్కుకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. ఆ తరువాత లక్నోలో పార్టీలతో నిమిత్తం లేకుండా మాజీలు బంగ్లాలు ఖాళీ చేశారు. పాట్నా హైకోర్టు 2019లో బీహారులో అదే పని చేసింది. ఉత్తరాఖండ్ హైకోర్టు మరో అడుగు వేసి, ఉన్నంతకాలానికి మార్కెట్ అద్దె కట్టమంది.

ఇదే లోక్ ప్రహరీ సంస్థ ఎంపీల పింఛనును సవాలు చేసినప్పుడు మాత్రం సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్‌లో పిటిషనును తోసిపుచ్చింది. రాజ్యాంగంలో పింఛను మాట లేనంత మాత్రాన పార్లమెంటుకు ఆ చట్టం చేసే అధికారం లేదనలేమని, అది మంచిదా కాదా అన్నది శాసనకర్తలు తేల్చుకోవలసిన విధాన నిర్ణయమని చెప్పింది. కొద్దివారాల తేడాతో వచ్చిన ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే తేడా అర్థమవుతుంది. పింఛను విషయంలో కోర్టు చేయి వేయదు, మార్చవలసింది సభలే. ఆ సంవత్సరమే ఫైనాన్స్ చట్టం ద్వారా, ఎంపీల జీతాలూ పింఛన్లూ ఐదేళ్లకోసారి ధరల సూచీ ప్రకారం వాటంతటవే సవరణ అయ్యేలా మార్చారు. సభ్యులు తమ జీతం తామే పెంచుకుంటున్నారన్న నిందను తప్పించడానికి అది మంచి ఏర్పాటే. అయితే అంకె పెరగడం ఆటోమేటిక్ అయింది గానీ, అర్హత ఎవరికి అన్న ప్రశ్న సభలో చర్చకు వచ్చే సందర్భమూ దానితోపాటు తగ్గిపోయింది.

భద్రత సంగతికి వచ్చేసరికి తిరుపతి వాసులకు వేరే జ్ఞాపకం ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద నక్సలైట్లు మందుపాతర్లు పేల్చారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన అధికారం కోల్పోయారు గానీ, ఆ దాడి వెనుక ఉన్న పగ ఓట్ల లెక్కింపుతో ముగిసేది కాదు. మన పొరుగున తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 1991 మే 21న హత్యకు గురైనప్పుడు రాజీవ్ గాంధీ మాజీ ప్రధాని. ప్రధాని రక్షణ చూసే ప్రత్యేక దళానికి సంబంధించిన అప్పటి ఎస్పీజీ చట్టం పదవిలో ఉన్న ప్రధానికీ కుటుంబానికీ మాత్రమే వర్తించేది, ఆ హత్య తరువాతే మాజీలను అందులో చేర్చారు. 2019 సవరణతో ఆ రక్షణ, పదవి వదిలిన ఐదేళ్ల వరకు, మాజీ ప్రధానికీ వారితో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకూ మాత్రమే పరిమితమైంది. భద్రతను సౌకర్యాల పద్దులో వేసి లెక్కగట్టడం అందుకే తప్పు. దానికి కొలమానం ముప్పు ఒక్కటే. ముప్పు లేని మాజీ ప్రజాప్రతినిధి వెంట హోదా కోసం గన్‌మెన్ తిరిగితే, ఆ కానిస్టేబుల్ ఏదో ఒక స్టేషనులో లేకుండా పోయినట్టే, ఆ స్టేషను పరిధిలోని జనానికి అంతమేర లోటే.

ఇక ఆఫీసు ఖర్చులు. ఇక్కడ బయటి దేశాల అనుభవం పనికొస్తుంది. అమెరికాలో మాజీ అధ్యక్షుల చట్టం 1958లో వచ్చింది, 1953లో పదవి దిగిన ట్రూమన్ ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నారన్న మాటే దానికి ప్రేరణ. అక్కడ మాజీ అధ్యక్షుడికి కేబినెట్ మంత్రి జీతంతో సమానమైన పింఛను, ఆఫీసు, సిబ్బంది ఇస్తారు. బ్రిటన్ పద్ధతి వేరు. మార్గరెట్ థాచర్ దిగిపోయిన తరువాత మొదలైన ఏర్పాటు ప్రకారం, మాజీ ప్రధాని ప్రజాసంబంధమైన పనుల కోసం పెట్టిన ఆఫీసు ఖర్చును ఏడాదికి 1,15,000 పౌండ్ల దాకా తిరిగి పొందవచ్చు. ఎవరు ఎంత తీసుకున్నారో ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. 2022లో యాభై రోజులు కూడా నిండకుండా దిగిపోయిన లిజ్ ట్రస్ కూడా దానికి అర్హురాలే కావడంతో అక్కడా పెద్ద వాదన నడిచింది. కనీస పదవీకాలం ప్రశ్న మన ఒక్కరిదే కాదన్నమాట. నాకు అన్నింటికన్నా సబబుగా కనిపించింది జర్మనీ నిర్ణయం. 2022 మేలో అక్కడి పార్లమెంటు బడ్జెట్ కమిటీ, మాజీ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్‌కు ఇచ్చిన ఆఫీసును, సిబ్బందిని వెనక్కి తీసుకుంది. మాజీ హోదాలో ప్రజల కోసం చేసే పని ఉంటేనే ఆఫీసు అన్నది వారు చెప్పిన కారణం. పింఛను, భద్రత మాత్రం తాకలేదు. రష్యాతో ఆయన సంబంధాల మీద దేశమంతా మండిపడుతున్న సమయంలో కూడా ఆ మూడింటినీ విడివిడిగా చూడగలిగారు.

మన దగ్గర ఆ విడదీత లేకపోవడానికి ఒక కారణం లెక్కలు ఒకచోట దొరకకపోవడం. పింఛను శాసనసభ సచివాలయం పద్దులో, భద్రత పోలీసు శాఖ పద్దులో, ఇల్లు రోడ్లు భవనాల శాఖ పద్దులో, వైద్యం రీయింబర్స్‌మెంటు ఇంకో పద్దులో ఉంటాయి. ఒక మాజీ నేత మీద ఏడాదికి ఖజానా ఎంత ఖర్చు పెట్టిందో తెలుసుకోవాలంటే, ఒక్కో శాఖకూ విడిగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఏటా ఒక్క పట్టికలో వచ్చే సమాచారం ఇక్కడ పౌరుడు తానే కూర్చుకోవాలి.

ఈ చర్చలో ఎవరూ తలవని మాజీలు ఇంకొందరున్నారు. ఐదేళ్లు ఊరి నీళ్ల పైపుల దగ్గర, వీధి దీపాల దగ్గర, తగాదాల దగ్గర నిలబడిన సర్పంచికి మన రాష్ట్రంలో నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించారు. దిగిపోయాక పింఛను లేదు. ఎంపీటీసీకీ లేదు, తిరుపతి, చిత్తూరు కార్పొరేటర్లకూ లేదు. బిల్లులు రాక, పంచాయతీ పనులకు సొంత సొమ్ము పెట్టి అప్పులపాలైన మాజీ సర్పంచులు చిత్తూరు పల్లెల్లో తక్కువేమీ కాదు. ప్రజాసేవ చేసినందుకు వృద్ధాప్యంలో ఆసరా అన్నదే పింఛనుకు ఆధారమైతే, ఆ ఆధారం సభ మెట్టు దగ్గరే ఎందుకు ఆగిపోవాలో ఎవరూ వివరించలేదు.

ఇందులో రాష్ట్రం చేతిలో ఉన్నంతవరకు మార్పుకు పెద్ద అడ్డంకులు లేవు. రాజ్యాంగంలోని 195వ అధికరణం శాసనసభ్యుల జీతభత్యాలను నిర్ణయించే అధికారాన్ని శాసనసభకే ఇచ్చింది. 1953 చట్టానికి సాధారణ మెజారిటీతో ఒక సవరణ ఆమోదిస్తే కనీస పదవీకాలం పెట్టవచ్చు, ఎంపీ పింఛను తీసుకుంటున్నవారికి ఎమ్మెల్యే పింఛను నిలపవచ్చు, మాజీలందరి మీద ఏటా అయ్యే ఖర్చును ఒక్క పట్టికగా సభ ముందు పెట్టమనీ నిర్దేశించవచ్చు. పంజాబ్ ఆ పని మొదలుపెట్టి పూర్తి చేయడానికి కొన్ని నెలలే పట్టింది.